రాజమహేంద్రవరానికి తొలిసారి వస్తున్నారా? పాత రాజధానిని తీరిగ్గా చూసే దారి ఇదీ

"కోట ఎక్కడుందండీ?"

రాజమండ్రి చూడ్డానికి మొదటిసారి వచ్చిన చుట్టాలు మా ఇంట్లో కాళ్లు కడుక్కోగానే అడిగే ప్రశ్న ఇది. రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరు కాబట్టి బురుజులు, సింహద్వారం, దర్బారు మండపం ఉంటాయనుకుంటారు. అవేవీ లేవు. కోట పోయి దాని గుమ్మం పేరు మాత్రం మిగిలింది. ఊరి నడిబొడ్డున ఉన్న కూడలిని ఇప్పటికీ కోటగుమ్మం అనే పిలుస్తాం. ఆటో ఎక్కి ఆ మాట చెబితే చాలు, తీసుకెళ్లి దింపుతారు.

రాజరాజనరేంద్రుడు 1022లో వేంగి సింహాసనం ఎక్కాడు. ఆయన కొలువులోనే నన్నయ భారతాన్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వంలో కొంత రాశాడు. ఆయన ఆపిన చోటు నుంచి ఆ పని పూర్తికావడానికి ఇంకా ఇద్దరు మహాకవులు కావలసి వచ్చింది. ఆ రాజు రాళ్లతో కట్టించినవి నిలవలేదు కానీ అడిగి రాయించుకున్నది నిలిచింది. ఈ ఊళ్లో ఏది చూసినా ఈ సంగతి మనసులో ఉంచుకోండి. ఇక్కడ చూడాల్సింది గోదారి, గోదారి గట్టు మీద పుట్టిన చదువు, ఆ నీళ్లు పారిన పల్లం. ఆ వరసలోనే ఈ దారి చెబుతున్నాను.

ముందు: ఎప్పుడు రావాలి, ఎన్నాళ్లు ఉండాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కార్తీకమాసంలో రేవులన్నీ దీపాలతో నిండిపోతాయి. జనం కూడా అలాగే ఉంటారు, గది ముందే బుక్ చేసుకోవాలి. మే నెలలో మాత్రం పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకురావద్దు. ఒక వేసవిలో మా బావమరిది కుటుంబాన్ని నేనే మిట్టమధ్యాహ్నం ఊరంతా తిప్పాను. సాయంత్రానికి చిన్నదానికి వడదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోయింది. రాత్రంతా తడిగుడ్డలు వేస్తూ కూర్చున్నాం. అప్పటినుంచి ఎవరొచ్చినా పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టునే ఉంచుతున్నాను.

జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు వస్తుంది. పడవలు ఆగిపోతాయి, రేవుల్లో స్నానాలు ఆపేస్తారు. కానీ వరద గోదారిని ఒక్కసారైనా చూడాలనుకునేవాళ్లకి అదే కాలం. 2027లో పుష్కరాలు. ఆ పన్నెండు రోజులూ స్నానం కోసమైతే రండి, ఊరు చూడ్డానికైతే ముందో తర్వాతో రండి.

కనీసం రెండు రాత్రులు ఇక్కడ పడుకోవాలి. చాలామంది పొద్దున దిగి, పాపికొండలు వెళ్లి, రాత్రి రైలెక్కేస్తారు. వాళ్లు రాజమండ్రి స్టేషన్ చూసినట్టే కానీ రాజమండ్రి చూసినట్టు కాదు.

చెన్నై-హౌరా ప్రధాన లైను మీదే ఊరుంది కాబట్టి రైళ్లకి కొదవలేదు. విమానం అయితే మధురపూడిలో దిగుతారు. బస గోదావరి గట్టుకి దగ్గరగా చూసుకోండి. హోటల్ కాస్త పాతదైనా ఫర్వాలేదు, తెల్లవారుజామున నడిచి నీళ్ల దగ్గరికి వెళ్లగలగడం ముఖ్యం.

మొదటి సాయంత్రం: పుష్కరాల రేవు

ఒక్క విషయం తెలిస్తే మీ రోజులు సగం సర్దుకుంటాయి. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. అంటే సూర్యుడు ఊరి వెనక లేచి, నది అవతల కొవ్వూరు వైపు దిగుతాడు. కాబట్టి ఈ ఒడ్డున చూడాల్సింది సూర్యాస్తమయం.

సాయంత్రం ఐదింటికల్లా పుష్కర్ ఘాట్ చేరుకోండి. మెట్ల మీద కూర్చుని వంతెనల్ని చూడండి. రాతి స్తంభాల మీద నిలబడ్డ పాతది హేవలాక్ వంతెన. 1897లో మొదలుపెట్టి 1900లో రైలు నడిపించారు. సుమారు మూడు కిలోమీటర్ల పొడవునా 56 ఖానాలు. దాదాపు వందేళ్లు మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. దాని పక్కన విల్లులు వరసగా పేర్చినట్టున్నది ఆర్చి వంతెన, ఇప్పుడు రైళ్లు దాని మీద కూడా వెళతాయి. పైన రోడ్డు, కింద రైలు ఉన్న రెండంతస్తుల వంతెన 1974 నాటిది. రోడ్డు భాగం నాలుగు కిలోమీటర్లు దాటుతుంది.

పొద్దు దిగుతుండగా ఆర్చి వంతెన మీదకి రైలొస్తే మాటలాపి చూడండి. విల్లుల మధ్య పెట్టెలు ఒక్కొక్కటే నల్లగా కదులుతాయి. తలుపుల దగ్గర నిలబడ్డవాళ్లు చేతులు జోడిస్తుంటారు, చిల్లర నాణేలు నీళ్లలోకి విసురుతుంటారు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, అయినా ఆ దృశ్యం ఇప్పటికీ పాతబడలేదు.

చీకటి పడ్డాక గోదావరి హారతి ఉంటుంది. ముందు వరసలో కూర్చోవాలంటే అరగంట ముందే చోటు చూసుకోవాలి. పిల్లలుంటే కింది మెట్లకి దిగనివ్వకండి, నాచు జారుతుంది. పండగ రోజుల్లో రద్దీ చూస్తే టెన్షన్ పడేవాళ్లు కోటిలింగాల రేవుకి వెళ్లండి. అది కిలోమీటరుకి పైగా పొడవున్న రేవు, ఎంతమంది వచ్చినా మసలడానికి చోటుంటుంది. దగ్గరలోని మార్కండేయస్వామి, కోటిలింగేశ్వరస్వామి గుళ్ల దర్శనం అదే పూట అయిపోతుంది.

రెండో రోజు తెల్లవారుజాము: అవతలి ఒడ్డు

సూర్యోదయం కోసం అవతలికి వెళ్లాలి. నాలుగున్నరకే ఆటోనో కారో మాట్లాడుకుని రోడ్డు వంతెన మీదుగా కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి వెళ్లండి. అంత పొద్దున్నే లేవడం కష్టమే, కానీ మా ఇంటికొచ్చిన వాళ్లలో లేచినందుకు విసుక్కున్నవాళ్లు ఒక్కరూ లేరు. అక్కడి మెట్ల మీద నుంచి చూస్తే నది వెడల్పంతా అడ్డంగా పరుచుకుని, దాని చివర రాజమండ్రి ఒక నల్లటి గీతలా ఉంటుంది. ఆ గీత మీద ముందు ఎరుపు, తర్వాత గుళ్ల శిఖరాలు, తర్వాత ఇళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. రాజు ఇక్కడే ఎందుకు ఊరు నిలబెట్టుకున్నాడో ఆ ఒడ్డు నుంచి చూస్తేనే అర్థమవుతుంది. నది ఇక్కడిదాకా ఒకటే ప్రవాహం, అఖండ గోదావరి. ఇంకొంచెం కిందికెళితే పాయలుగా విడిపోతుంది. ఎగువ నుంచి వచ్చేదీ, సముద్రం నుంచి పైకి వచ్చేదీ ఈ ఊరి ముందు నుంచే పోవాలి.

వెనక్కి వచ్చి టిఫిన్ తిని, కాసేపు నడుం వాల్చండి.

అదే రోజు పది గంటలకి: గట్టు రోడ్డు మీది రెండు గదులు

రాళ్లబండి సుబ్బారావు పురావస్తు మ్యూజియం, దామెర్ల రామారావు చిత్రశాల రెండూ గోదావరి గట్టు రోడ్డు మీదే ఉన్నాయి. ఏ రోజు సెలవో హోటల్లో ముందే అడిగి బయల్దేరండి. గేటు దాకా వెళ్లి తాళం చూసి వెనక్కి రావడం మా చుట్టాలకి రెండుసార్లు జరిగింది.

మ్యూజియం చిన్నదే. చాళుక్యుల కాలపు శిల్పాలు, శాసనాలు, తాళపత్రాలు ఉంటాయి. గంట చాలు. శాసనాల రాయి ముందు మాత్రం పిల్లల్ని నిలబెట్టి, వెయ్యేళ్ల కిందటి అక్షరాల్లో ఇప్పటికీ గుర్తుపట్టగలిగినవి ఉన్నాయేమో వెతకమనండి. మా అన్నయ్య కూతురు "ర" కనిపెట్టి గంతులేసింది.

చిత్రశాలకి మాత్రం ఎక్కువసేపు కావాలి. దామెర్ల రామారావు 1897లో పుట్టారు. ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ పిల్లవాడి చేతిలోని పనితనం చూసి బొంబాయి జె.జె. స్కూలుకి పంపించారు. తిరిగొచ్చి సొంత ఊళ్లో చిత్రకళ నేర్పడం మొదలుపెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి పోయారు. అప్పటికి ఆయనకి 28 ఏళ్లు నిండలేదు. ఆ కాస్త వయసులో వేసిన బొమ్మలు ఈ గోడల మీద ఉన్నాయి. "పుష్పాలంకారం" ముందు ఆగండి. స్త్రీల తలలు వంగిన తీరు, జడలో పువ్వు పెడుతున్న చేతి వేళ్లు, చీర మడతల్లో నీటిరంగు పల్చబడ్డ చోట్లు చూడండి. ఎక్కడా అరుపు లేదు. కోనసీమ మధ్యాహ్నం ఎంత నిదానంగా ఉంటుందో ఆ రంగుల్లో అంత నిదానం ఉంది. ఊళ్లో ఒక్కచోటే చూసే టైముందని ఎవరైనా అంటే నేను ఈ చిత్రశాల పేరే చెబుతాను.

సాయంత్రం ఊళ్లోకి

నాలుగు దాటాక కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటికి వెళ్లండి. దాన్ని స్మారకంగా ఉంచారు. తెలుగునాట మొదటి వితంతు వివాహం ఆయన 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లోనే జరిపించారు. వెలి వేస్తామన్నారు, నీళ్లు పుట్టకుండా చేస్తామన్నారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె పట్టుకుని గోదారికెళ్లి నీళ్లు తెచ్చుకున్నారని మా ఊళ్లో పెద్దలు చెప్పుకుంటారు. పెంకుటింటి వసారాలో నిలబడి ఆ మాట తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆయన కట్టించిన టౌన్‌హాల్ ఉంది. ఆనందోద్యానంలో దంపతులిద్దరి సమాధులూ ఉన్నాయి. ఆడపిల్లలున్నవాళ్లు ఈ చోటు తప్పకుండా చూపించాలని నా కోరిక.

అక్కడినుంచి గౌతమీ గ్రంథాలయం. పాత పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్లకి గంట, లేనివాళ్లకి ఐదు నిమిషాలు. పాల్ చౌక్ మీదుగా వెళితే, 1907లో బిపిన్ చంద్రపాల్ ఈ ఊరొచ్చి మాట్లాడిన సంగతి మీ వాళ్లకి చెప్పండి. మెయిన్ రోడ్డు వైపు పాత జామా మసీదు ద్వారం మీద 1324 నాటి పర్షియన్ శాసనం ఉంది. నమాజు వేళ కాకుండా, అనుమతి అడిగి చూడాలి.

సారంగధర మెట్ట గురించి ఒక మాట. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడి కాళ్లూ చేతులూ అక్కడ నరికించారని కథ. గుడి ఉంది, వెళ్లి దణ్ణం పెట్టుకోండి. చరిత్రలో ఆ రాజు కొడుకు మాత్రం వేరే. మేనమామల చోళ సింహాసనాన్ని 1070లో ఎక్కి కులోత్తుంగ చోళుడైన వాడు. రాజరాజు తల్లి కుందవ్వ, భార్య అమ్మంగదేవి ఇద్దరూ చోళుల ఆడపడుచులే. తంజావూరుకీ మన గోదారికీ ఇంత దగ్గర చుట్టరికం ఉంది.

ఇక తిండి. మెయిన్ రోడ్డు దగ్గర రోజ్ మిల్క్ తాగకుండా వెళ్లకండి, చిక్కటి పాలతో చల్లగా ఇస్తారు. భోజనంలో పనసపొట్టు కూర దొరికితే రెండోసారి వడ్డించమనండి. పులస మాత్రం వరద రోజుల్లోనే వస్తుంది. సముద్రం నుంచి ఏటికి ఎదురీది వచ్చిన చేపకే ఆ రుచి. మిగతా నెలల్లో ఎవరైనా పులస అని చెబితే డబ్బు పెట్టకండి.

మూడో రోజు పొద్దున: ధవళేశ్వరం

రాజధాని పోయాక కూడా ఈ ప్రాంతం ఎలా బతికిందో ఇక్కడ తెలుస్తుంది. ఊరికి దక్షిణంగా ఎనిమిది కిలోమీటర్లు, సిటీ బస్సులు, ఆటోలు బోలెడు.

ముందు కాటన్ మ్యూజియంకి వెళ్లండి, ఆనకట్ట తర్వాత చూద్దురు గాని. వరస మారితే అది ఉత్త గేట్ల గోడలా కనిపిస్తుంది. 1830ల మొదట్లో నందన కరువు ఈ తీరాన్ని ఊడ్చేసింది. పక్కనే ఇంత నది పారుతుండగా జనం తిండిలేక చచ్చిపోయారు. ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తిచేశారు. ఆయనకి అండగా నిలిచి కూలీల్ని కూర్చిన వీణెం వీరన్న పేరు కూడా గుర్తుపెట్టుకోండి. నమూనాలు చూస్తే పనిలోని తెలివి తెలుస్తుంది. నది వెడల్పంతా ఒకే గోడ కట్టలేదు. మధ్యలో ఉన్న లంకల్ని ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాలుగా కట్టారు. పక్కల నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలువలు తీశారు. నేను తిన్న ప్రతి ముద్దా ఆ కాలువల నీళ్లతో పండిందే. గోదారి స్నానం చేసేటప్పుడు కాటన్ దొరని తలుచుకుని తర్పణం వదిలేవాళ్లని మీరు ఇక్కడ చూస్తారు. అది మనస్ఫూర్తిగా చేసే పనే.

ఇప్పుడున్న బ్యారేజి 1982కి పూర్తయిన కొత్త కట్టడం, 175 గేట్లు. దాని మీద నడిచేటప్పుడు ఒక చోట ఆగి రెండు వైపులా చూడండి. ఎగువన నీళ్లు పళ్లెంలో పోసినట్టు నిలకడగా ఉంటాయి. దిగువన వేసవైతే ఇసక మేటలు, మధ్యలో కొంగలు, మోకాలి లోతులో వల విసిరే మనిషి. వరద రోజుల్లో ఇదే చోట నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక ఊళ్లవాళ్లకి ఈ మూడు అంకెలూ నోటికొచ్చు. రెండోది పడగానే పశువుల్ని గట్టెక్కిస్తారు.

టైముంటే జనార్దనస్వామి గుడి కొండ ఎక్కండి, పైనుంచి నది పాయలుగా చీలడం కనిపిస్తుంది.

అదే రోజు మధ్యాహ్నం: రెండు దారుల్లో ఒకటి

*గుళ్ల దారి.* చాళుక్యుల కట్టడాలు చూడాలంటే రాజధాని దాటి పల్లెల్లోకి వెళ్లాలి. ఒక రోజు ఎక్కువ ఉండగలిగితే ఈ దారిని విడిగా పెట్టుకోండి. పొద్దున్నే పాసింజరు రైలెక్కి కడియం, ద్వారపూడి, అనపర్తి దాటితే బిక్కవోలు. తొమ్మిదో శతాబ్దపు గుళ్లు ఊళ్లో కొన్ని, పొలాల అంచున కొన్ని ఉన్నాయి. వరిచేల గట్టు మీద నడిచి వెళ్లి పూజల్లేని పాత గుడి ముందు ఒంటరిగా నిలబడితే, ఇంట్లో కూర్చుని చదివిన చరిత్రంతా ఒక్కసారి దగ్గరికొస్తుంది. అక్కడి లక్ష్మీగణపతికి మొక్కుకుని, మళ్లీ రైల్లో సామర్లకోట వెళ్లి కుమారారామ భీమేశ్వరుణ్ణి చూడండి. అక్కడినుంచి రోడ్డు మీద రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం. లింగం రెండంతస్తుల ఎత్తు. పై అంతస్తులోకి వెళ్లి అభిషేకం చూడాలి. గోడల మీదా స్తంభాల మీదా శాసనాలు కిక్కిరిసి ఉంటాయి, మధ్యలో తమిళవి కూడా. ఇందాక చెప్పిన చోళుల చుట్టరికం అక్కడ రాతిలో కనిపిస్తుంది.

*లంకల దారి.* మూడో రోజు మధ్యాహ్నం ఒక్కటే మిగిలినవాళ్లకి ఇది చాలు. ధవళేశ్వరం నుంచి బ్యారేజి దాటి బొబ్బర్లంక, అక్కడినుంచి కాలువగట్టు మీదుగా ఆత్రేయపురం, ర్యాలి. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిది ఒకే రాయి. ముందు విష్ణువు, వెనక మోహిని. పూజారిగారు దీపం పట్టి వెనక వైపు చూపిస్తారు. కొప్పు ముడి, నడుము వంపు చూసి తీరాలి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వచ్చెయ్యకండి, తీసే ఇంటికి వెళ్లి చూడండి. అడిగితే "రండండీ, ఆయ్, కూర్చోండి" అని పీట వేస్తారు. నున్నటి కుండని బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెడతారు. నానబెట్టిన బియ్యాన్ని పాలలా రుబ్బుకుంటారు. పల్చటి గుడ్డని ఆ పిండినీళ్లలో ముంచి, రెండు చేతులతో చాపి పట్టుకుని, కుండ మీదుగా ఒక్కసారి లాగుతారు. చుయ్ మని చిన్న చప్పుడు. రెండు లెక్కపెట్టేలోపు కుండ మీద తెల్లటి పొర లేస్తుంది. అంచు పట్టి ఊడదీస్తే చెయ్యి అవతల వైపు కనబడుతుంది. నేను ఒకసారి అడిగి ప్రయత్నించాను, పొర చిల్లులు పడి ముక్కలైపోయింది. ఆ అమ్మ మాత్రం మాట్లాడుతూనే వరసగా తీస్తోంది, ఒక్కటి కూడా చిరగలేదు. వేడి పొగ ముందు రోజంతా కూర్చునే పని అది. అందుకే బేరం ఆడకండి. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నెయ్యి, బెల్లం వేసినవి తీసుకోండి. ఇంటికెళ్లేదాకా పెట్టెని అడుగున పెట్టకండి.

తిరుగుదారిలో కడియపులంక నర్సరీలు. మొక్కలంటే ఇష్టం ఉంటే ఆగండి. సంక్రాంతికి కాస్త ముందు పూల రంగులు బాగుంటాయి.

పాపికొండలు వెళ్లాలంటే

వెళ్లండి, బాగుంటుంది. దానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది, పొద్దున్నే బయల్దేరాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో పర్యాటకుల బోటు మునిగి పదుల మంది పోయారు. ఆ వారమంతా గట్టు మీద నిలబడి ఎదురుచూసిన కుటుంబాల ముఖాలు ఈ ఊరు మరిచిపోలేదు. కాబట్టి నీరు పెరుగుతున్న రోజుల్లో వెళ్లకండి. అనుమతి ఉన్న బోటే ఎక్కండి. ఎక్కగానే లైఫ్ జాకెట్ వేసుకుని దిగేదాకా తియ్యకండి. ఒక ఏజెంటు మా వాళ్లతో "ఫొటోలు బాగా రావండీ, తీసెయ్యండి" అన్నాడు. అలాంటి మాట విన్న చోట మీరు దిగిపోవచ్చు, టికెట్ డబ్బులు పోయినా ఫర్వాలేదు.

వెళ్లేటప్పుడు

విజయవాడ వైపు వెళ్లేవాళ్లు వీలైతే పగటి రైలుకి టికెట్ తీసుకోండి. స్టేషన్ వదిలాక కాసేపటికే చక్రాల చప్పుడు మారుతుంది. పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, తలుపు దగ్గరికి పంపకండి. వంతెన దాటడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మీరు కూర్చున్న మెట్లు ఒకవైపు, సూర్యుణ్ణి చూసిన ఒడ్డు ఎదురుగా ఉంటాయి. చేతిలో ఒక రూపాయి బిళ్ల సిద్ధంగా పెట్టుకోండి.